బ్యాంకాక్‌లో దోమలు రాని గది

నేను రిటైరై ఇంట్లో కూర్చున్నా, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆటల టీచర్లు, అదే పి.ఇ.టి.లు, ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. జావెలిన్ ఎలా పట్టించాలనో, ఖోఖో టీములోకి ఎవర్ని తీసుకోవాలనో అడుగుతారని ఆశగా ఫోనెత్తుతాను. అబ్బే! "మేడమ్, ఫలానా దేశంలో వెటరన్స్ మీట్ ఉంది. చవగ్గా ఎక్కడ దిగమంటారు?" ఇదీ వాళ్ల ప్రశ్న. నర్సీపట్నం ఎండలో అన్నేళ్లు విజిలూదితే చివరికి నాకు మిగిలిన పేరు లాడ్జీల మేడమ్. పోనీలెండి, అదీ ఒక పేరే.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ముప్పై అయిదు దాటినవాళ్లకు వయసుల వారీగా పరుగులూ, నడకలూ, విసురుళ్లూ పెట్టే మీట్లుంటాయి. అక్కడికి వెళ్లేవాళ్లు ఎవరి ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి. టిక్కెట్టూ మనదే, తిండీ మనదే, గదీ మనదే. మా వైపు నుంచి ఏడాదికి నలుగురైదుగురం బయల్దేరేవాళ్లం. నేను డిస్కస్ విసిరేదాన్ని, పెద్దగా దూరం పడేది కాదు. అయినా నన్నే మేనేజర్ని చేసేవారు. నాకు ఇంగ్లీషు వచ్చు, బేరమాడటానికి సిగ్గు లేదు. ఈ రెండూ ఉన్న మనిషి టీములో ఇంకొకరు ఉండేవారు కారు.

నిజం చెప్పొద్దూ, గది వెతకడమంటే నాకు మహా సరదా. బడి వదిలాక స్టాఫ్ రూములో కంప్యూటర్ ముందు కూర్చుని, ఎన్నడూ చూడని ఊళ్ల వీధుల్లో తిరిగేదాన్ని. కౌలాలంపూర్‌లో ఏ సందులో ఏ ఇడ్లీ కొట్టు మీద గదులున్నాయో, సింగపూర్‌లో ఏ లాడ్జికి లిఫ్టు లేదో నాకు కంఠతా వచ్చు. మా లెక్కల మాస్టారు పక్కన కుర్చీ లాక్కుని సలహాలిచ్చేవారు. మా హెడ్మాస్టరు గారైతే, పి.ఇ.టి. మేడమ్ ఈరోజు ఏ దేశంలో ఉన్నారని అడిగి మరీ ఇంటికెళ్లేవారు.

ఆ వెతుకులాటలో కొన్ని తెలివితేటలు పట్టుబడ్డాయి. పొగిడినవాళ్ల మాటలు చదవకూడదు, తిట్టినవాళ్లవే చదవాలి. మంచం మీద తువ్వాలును హంసలా మడిచి ఫొటో తీశారంటే ఆ గదిలో చూపించడానికి ఇంకేమీ లేదని అర్థం. బాత్రూము ఫొటో లేకపోతే అది బయట ఎక్కడో ఉందన్నమాట. ఇలాంటివి చాలా ఉన్నాయి. వీటన్నిటికీ మూలం మాత్రం మన ఆర్టీసీ కాంప్లెక్సు పక్క లాడ్జీల్లో నేర్చుకున్న విద్యే. గదిలోకి వెళ్లగానే దుప్పటి ఎత్తి చూడు, కుళాయి తిప్పు, గడియ వేసి లాగు, తర్వాత కిటికీకి మెష్ ఉందో లేదో చూడు. మెష్ లేకపోతే గది వద్దు.

ఎందుకంటే మన ఊరికి దోమంటే భయం. వానలు మొదలైతే ఏజెన్సీ కొండల వైపు నుంచి వచ్చినవాళ్లలో సగం మంది జ్వరంతో దిగేవారు, హాస్టల్ పిల్లల రక్తాలు తీయించడం కూడా నా డ్యూటీలోకే వచ్చేది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తలుపులూ కిటికీలూ బిగించుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాటు. కిటికీ అంటే వెలుతురు వచ్చేదని పుస్తకాల్లో ఉంటుంది గానీ, నా బుర్రలో మాత్రం దోమలు వచ్చేది అనే ఉంది.

అందుకే బ్యాంకాక్ మీట్‌కి గది వెతుకుతున్నప్పుడు ఒకచోట, అన్నిటికన్నా తక్కువ రేటుకి, "కిటికీ లేని గది" అని కనబడగానే ఎగిరి గంతేశాను. మిగతా దేశాలవాళ్లు దాన్ని లోపం కింద లెక్కేస్తారని రేటు తగ్గించారు. నాకేమో అది సదుపాయంలా తోచింది. ఏసీ ఉంది, దోమలు రావు, స్టేడియానికి బస్సుంది, ఇంకేం కావాలి మేడమ్ అన్నారు లెక్కల మాస్టారు. ఆయనా మన ఊరివారే. రెండు గదులు బుక్ చేసేశాను.

ఆ ఏడు మా టీము నలుగురం. నేను కాక ఒక రిటైర్డ్ బస్సు కండక్టరు గారు, అయిదు వేల మీటర్లు పరిగెత్తేవారు. డెబ్బై దాటిన జీడితోటల రైతు ఒకాయన, గుండు విసిరేవారు. నాలుగో మనిషి ఎస్. రాయవరం దిగువన సముద్రపొడ్డు ఊరి నుంచి వచ్చిన చేపలావిడ. ఆమెది నడక పందెం.

ఆమెను మా బడి గ్రౌండులోనే చూశాను. తోటివాళ్లతో కలిసి ఆటోలో నర్సీపట్నం వచ్చి చేపలమ్ముకునేది. ఒక ఆదివారం జిల్లా వెటరన్స్ పోటీలు జరుగుతుంటే ఖాళీ బుట్ట చంకనెట్టుకుని గేటు దగ్గర నిలబడి చూసింది. ఈళ్లు నడుస్తున్నారేటండీ, దేనికండీ అని అడిగింది. పందెం అన్నాను. నడిస్తే పందేమా అని నవ్వి, బుట్ట నా కుర్చీ పక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు దోపుకుని వచ్చి వెనకనుంచి కలిసింది. పేరు రాసుకోలేదు కాబట్టి ఆరోజు లెక్కలోకి రాలేదు గానీ ముందు వచ్చింది ఆవిడే. తర్వాత రెండేళ్లు నేనే నేర్పాను. నడక పందెంలో ముందుకు పడిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు, వంగితే జడ్జీలు కార్డు చూపిస్తారు, మూడు పడితే పందెంలోంచి తీసేస్తారు. బరువు మోసేవాళ్ల నడకలో మోకాలు వంగుతుంది. అది మాన్పించడానికి నేను పడిన పాట్లు ఇంకో పుస్తకమవుతాయి.

బ్యాంకాక్ వెళతానంటే ఇంట్లో ఆయన, నడవడానికి ఇమానం ఎక్కి ఎల్లాలా అని ఎగతాళి చేశాడట. ఆవిడ నాతో అన్న మాట మాత్రం నేను మరిచిపోలేదు.

"పుట్టిన కాణ్ణుంచి ఎవులి గుమ్మంలోకో నడుత్తానే ఉన్నానండి. ఒక్కపాలి నాకోసం నడుత్తానండి మేడంగోరూ."

సరే, వెళ్లాం. లాడ్జి శుభ్రంగా ఉంది. కౌంటర్లో నడివయసు మేనేజరమ్మ, ఎప్పుడూ నవ్వుమొహం. చెప్పులు బయటే విడవాలంటే నాకు ఇంటికొచ్చినట్టే అనిపించింది. మగవాళ్లిద్దరూ ఒక గదిలో, మేమిద్దరం ఇంకో గదిలో దిగాం. తెల్లటి గోడలు, రెండు మంచాలు, చల్లటి ఏసీ. నేను దుప్పటి ఎత్తి చూసి, గడియ లాగి చూసి, ఒక్క దోమ కూడా లేదని గర్వంగా ప్రకటించాను. ఆవిడ గది నడుమ నిలబడి నాలుగు గోడలూ మార్చి మార్చి చూసింది.

"ఐసుపెట్టిలో ఎట్టి మూతేసినట్టున్నాదండి" అంది.

నవ్వేశాను. నవ్వాల్సిన విషయం కాదని తెల్లారేసరికి తెలిసింది. ఆవిడ పుట్టింది, పెరిగింది, పిల్లల్ని కన్నది అంతా కెరటాల చప్పుడు వినబడే ఇంట్లో. తలుపు మూసి పడుకున్న రాత్రి ఆవిడ జీవితంలో లేదు. నేను పడుకోలేదు, ఆవిడా పడుకోలేదు. ఏసీ ఆపితే ఉక్క, వేస్తే ఊపిరాడనట్టు గుండె దడ. మర్నాడు మేనేజరమ్మకు చెబితే పాపం ఒక టేబుల్ ఫ్యాను తెచ్చిచ్చింది. ఉన్న గాలే తిరుగుతున్నాది గానీ కొత్త గాలి రావట్నేదండి అంది మా చేపలావిడ. తలుపు తీసుకుని పడుకుంటామంటే రూలు ఒప్పుకోదన్నారు, డాబా మీద పడుకుంటామంటే మేనేజరమ్మ నవ్వుతూనే తల అడ్డంగా ఊపింది. రెండో రాత్రీ అలాగే గడిచింది. మూడో రాత్రి తెల్లవారితే నడక పందెం. నిద్ర లేని కాళ్లు ముందు మోకాలి దగ్గరే మోసం చేస్తాయి. పడుకుంటే నడుస్తుంది, లేకపోతే కార్డులు తిని బయటికి వస్తుంది. అంతే లెక్క.

ఆ రెండో రోజంతా కిటికీ ఉన్న గది కోసం నేను తిరిగిన తిరుగుడు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మీట్ వల్ల చవక గదులన్నీ నిండిపోయాయి. మిగిలినవాటిలో కిటికీలున్నాయా అంటే ఉన్నాయి. ఒకచోట కిటికీ తెర తీస్తే అవతల వరండా, అందులో వరుసగా బట్టలుతికే మిషన్లు. ఇంకోచోట కిటికీ తీస్తే జానెడు దూరంలో పక్క బిల్డింగు గోడ. మూడోచోట మంచి అద్దం కిటికీ, ఊరంతా కనబడుతోంది, కానీ తెరుచుకోదు, చట్రానికి అతికేశారు. ఒక హాస్టల్లో మనిషి పట్టేంత అరలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్కో అరకీ తెర కట్టారు. మా జీడితోటల పెద్దాయన అందులోకి తొంగిచూసి, ఇవి పెద్దాసుపత్రిలో సివరాకర్ని మనిసిని పెట్టీ అరలు గదండీ అని వెనక్కి తిరిగి వచ్చేశారు. అన్నన్ని రకాల గదులు ఒక్క ఊళ్లో ఉంటాయని నాకు నిజంగా తెలీదు. ఆందోళనలో కూడా ప్రతి గది తలుపూ తీసి చూడటం నాకు ఏదో పండగలా ఉండేది. నా బుద్ధి అంత.

చివరికి ఫోనులో ఒక ఇల్లు దొరికింది. ఎగువన నది ఒడ్డున పాత చెక్క ఇల్లు, చెక్క రెక్కల కిటికీ నీళ్ల మీదికి తెరుచుకుంటుంది, ఏసీ లేదు, ఫ్యానే. రేటు మా అందుబాటులోనే ఉంది. ఇంటావిడ ఒకే షరతు పెట్టింది. ఇంకెవరో కూడా అడుగుతున్నారు, రేపు మధ్యాహ్నం ఒంటిగంటలోపు వచ్చి డబ్బు కడితేనే గది, లేకపోతే వాళ్లకిచ్చేస్తానంది. ఒంటిగంటకి కాదు, పన్నెండుకే ఉంటామన్నాను.

మర్నాడు, అంటే పందేనికి ముందు రోజు, నలుగురం బయల్దేరాం. ఆ ఇంటికి వెళ్లడానికి చవకైన దారి పడవ. సిటీ బస్సులాగే నది మీద స్టేజీ స్టేజీకీ ఆగుతూ వెళ్లే పొడుగాటి పడవలు. పక్కలన్నీ తెరిచే ఉంటాయి, నీళ్లు తుంపర్లుగా మొహాన పడతాయి. టిక్కెట్లిచ్చే ఆవిడ చేతిలో ఒక పొడుగాటి రేకు గొట్టం. అందులోనే చిల్లర, అందులోనే టిక్కెట్లు, దాని మూత టకటకలాడిస్తూ వస్తే జనం డబ్బులు తీసి పట్టుకుంటారు. మా కండక్టరు గారు ఆ గొట్టాన్ని చూసి పరవశించిపోయారు. సర్వీసంతా తోలు సంచీ మోసి భుజం వంగిపోయింది, ఇలాంటిది ఒకటిస్తే ఎంత సుఖపడిపోయేవాణ్ణో అని వాపోయారు. నేను మాత్రం పడవ వెనక నిలబడ్డ మనిషినే చూస్తున్నాను. పడవను గట్టుకి ఆనించేటప్పుడు డ్రైవరుకి అతను విజిల్‌తోనే చెబుతాడు, ముందుకి అనీ, వెనక్కి అనీ, ఆపు అనీ, పోనియ్ అనీ. నేనూ అన్నేళ్లు విజిలూదాను. నా విజిలుకి ఒకటే అర్థం ఉండేది, ఆపండి అని.

ఆ సంబరంలో ఉండి చేపలావిడను గమనించలేదు. అంచు పక్క సీట్లో కూర్చుని, కడ్డీ మీద చెయ్యి వేసి, చేతి మీద గడ్డం ఆన్చి నీళ్లకేసి చూస్తోందనుకున్నాను. తీరా చూస్తే కళ్లు మూసుకున్నాయి. పక్కనే విజిల్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఇంజను దడదడలాడుతోంది. పడవ రేవు స్తంభాలకి కట్టిన టైర్లను గుద్దుకుని ఊగుతోంది. ఆవిడ కదల్లేదు. పెద్దాయన మెల్లగా తన సంచీ ఆవిడ తలకీ కడ్డీకీ మధ్య దూర్చారు. ఆవిడ ఆ సంచీని రెండు చేతులా కావలించుకుని, నోరు తెరిచి నిద్రపోయింది.

మా స్టేజీ వచ్చేస్తోంది. దూరంగా గట్టు మీద ఆ చెక్క ఇల్లు కూడా కనబడింది, ఫొటోలో చూసినట్టే ఉంది, కిటికీ రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. కండక్టరు గారు లేచి నిలబడ్డారు.

"లేపండి మేడమ్. బేగి దిగాలి. గది పోతే రాత్రికి మళ్లీ ఆ పెట్టే గతి. పగలు కునుకు తీస్తే రాత్రి నిద్రకి సరిపోద్దా?"

ఆయన మాటలో తప్పేం లేదు. ఎన్నో ప్రయాణాలు చూసిన మనిషి. నేను ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను కూడా. అప్పుడు పెద్దాయన నావైపు చూసి, గొంతు తగ్గించి అన్నారు:

"పడుకున్న మనిషిని పడుకోబెట్టడానికి లేపుతారేటండీ?"

అక్కడ నేను తేల్చుకోవాలి. రోజంతా చెప్పులరిగేలా తిరిగి సంపాదించిన గది అది. అందులో దిగితే రాత్రంతా గాలొస్తుంది, అలవాటైన నీళ్ల చప్పుడు వినబడుతుంది. కానీ లేపాక మళ్లీ నిద్ర పడుతుందని ఎవరు చెప్పగలరు? కొత్త మంచం, కొత్త ఇల్లు, రేపు పందెమన్న బెంగ. పడవ గట్టుకి తగిలింది, విజిల్ మోగింది, జనం దిగారు, జనం ఎక్కారు. నేను ఆవిడ భుజం మీది చెయ్యి తీసేశాను. పడవ కదిలింది. ఆ ఇల్లు మా పక్కనుంచి వెనక్కి వెళ్లిపోతుంటే, నాకెంతో ఇష్టమైన వస్తువు ఎవరో ఎత్తుకుపోతున్నట్టు మెడ తిప్పి దాన్నే చూశాను. ఫోన్ చేసి రాలేమని చెప్పాను. ఇంటావిడ ఓకే అని పెట్టేసింది.

తర్వాత ఆ పడవలోనే తిరిగాం. చివరి స్టేజీలో అందరూ దిగిపోతే మేం దిగలేదు. టిక్కెట్ల ఆవిడ వచ్చి ఏదో అడిగింది. కండక్టరు గారు, ముందు లేపమన్న మనిషే, నాలుగు వేళ్లు చూపించి మళ్లీ నాలుగు టిక్కెట్లు కొని, నిద్రపోతున్న ఆవిడను చూపించి, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని సైగ చేశారు. టిక్కెట్ల ఆవిడ నవ్వింది. ఆ తర్వాత మా వరస దగ్గరికి వచ్చినప్పుడు రేకు గొట్టం ఆడించడం మానేసింది. పైకీ కిందకీ, ఈ కొసకీ ఆ కొసకీ, ఆ నది గట్ల మీదున్న గుళ్లూ గిడ్డంగులూ అన్నీ మాకు ముఖపరిచయమైపోయాయి. ప్రతి ట్రిప్పుకీ టిక్కెట్టు కొనాల్సిందేనని కండక్టరు గారి పట్టుదల. టిక్కెట్టు లేని ప్రయాణం ఆయన వల్ల కాదట. పొద్దు వాలుతుండగా ఆవిడే లేచింది. ఎంతసేపైందండీ, గది వచ్చేసిందాండీ అని అడిగింది.

రాలేదమ్మా, పోయింది అన్నాను. ఆవిడ మా మొహాలు చూసి, నీళ్లు చూసి, సంచీ పెద్దాయన చేతికి తిరిగిచ్చింది. దిగేటప్పుడు ఒడ్డున బండి మీద కాలుస్తున్న ఎండు స్క్విడ్‌లు, ఆవిడ భాషలో కందాసేపలు, ముక్కుతో పరీక్ష చేసి, ఎండటం సరిగ్గా ఎండనేదండి అని తీర్పు చెప్పింది. అప్పుడు నా ప్రాణం కుదుటపడింది.

ఆ రాత్రి మళ్లీ ఆ పెట్టెలోనే పడుకున్నాం. ఆవిడ కళ్లు మూసుకుందో తెరిచిందో నేను లైటు వేసి చూడలేదు. నాకు మాత్రం ఆ చెక్క ఇంటి కిటికీయే కళ్ల ముందు ఆడింది. రేపు ఆవిడ కాళ్లు తడబడితే ఆ పాపం ఎవరిది? పడవ దిగకపోవడం తెలివా, నా పిచ్చితనమా? అలా దొర్లుతూనే తెల్లవారింది.

స్టేడియానికి చీకటి విడకముందే చేరాం. ఆవిడ వీపు మీద నంబరు నేనే గుచ్చాను. మోకాలు అని ఒక్క మాట గుర్తు చేశాను. అలాగేనండి అని వెళ్లి వరసలో నిలబడింది. చుట్టూ పొడుగాటి కాళ్ల ఆడవాళ్లు. తుపాకీ పేలింది. మొదటి మలుపులో నాలుగో అయిదో మనిషిగా ఉంది, నడక నున్నగా సాగుతోంది. గ్యాలరీలో పై మెట్టు మీద కూర్చున్నాను. నాలుగు వైపులా తెరిచిన స్టేడియం, చల్లటి తెల్లవారుజాము గాలి ఎదురుగా మొహానికి తగులుతోంది. రెండో రౌండు చూశాననే అనుకుంటున్నాను.

ఎవరో నా మొహం మీంచి తువ్వాలు తీశారు. ఎండ చురుక్కుమంది. మెట్టు మీద నిలువునా పడుకుని ఉన్నాను, తల కింద జీడితోటల పెద్దాయన సంచీ. పై మెట్టు మీద మగవాళ్లిద్దరూ నాకు కాపలాలా కూర్చుని వేరుశెనక్కాయలు నములుతున్నారు. ఎదురుగా ఆవిడ, ఒక చేతిలో బూట్లు, ఇంకో చేతిలో కంచు పతకం.

"మూడో మనిసినండి" అంది.

లేచి ఆవిడను పట్టుకుని ఏడ్చేశాను. సంతోషం సగం, ఉక్రోషం సగం. రెండేళ్లు నేర్పాను, దేశం కాని దేశం తెచ్చాను, గది కోసం ఊరంతా తిరిగాను, తీరా పందెం చూడలేదు, పతకం మెళ్లో వేసినప్పుడు చప్పట్లు కొట్టలేదు. లేపొచ్చు కదమ్మా అని కసిరాను.

"ఈళ్లు లేపుదారన్నారండి. నానే ఒద్దన్నాను. ఇక్కడికొచ్చిన కాణ్ణుంచి మీరు కన్నుమూయనేదు గదండీ."

కొంచెం ఆగి, నా మొహం చూసి జాలేసిందో ఏమో, పతకం నా చేతిలో పెట్టింది.

"పోన్లెండి, సూడనేదని బాధ ఏల? ఒక సుట్టు నడిసి సూపిత్తాను, ఉండండి."

వద్దన్నా వినలేదు. కూర్చుని బూట్లు కట్టుకుని కిందికి దిగింది. ట్రాక్ మీద ఇంకెవరివో పరుగులు మొదలయ్యాయి కాబట్టి, బయటి అంచున గడ్డి పక్కగా నడిచింది. జడ్జీలు లేరు, తోటివాళ్లు లేరు, గ్యాలరీలో మేం ముగ్గురం. మొత్తం చుట్టు, మొదటినుంచి చివరిదాకా, రెప్ప వాల్చకుండా చూశాను. అవతలి మలుపులో కుడి మోకాలు ఒకసారి వంగింది గానీ నేను చెప్పలేదు.